దానిమ్మ కర్రతో విల్లు: ప్రాజెక్టు డైరీ

ఎందుకు దానిమ్మ

విల్లు చేస్తున్నా అంటే చాలామంది వెదురా అని అడుగుతారు, కాస్త తెలిసినవాళ్లయితే యూ, ఓసేజ్ ఆరెంజ్, హికరీ అని పెద్ద పెద్ద చెట్ల పేర్లు చెప్తారు, దానిమ్మ అన్నప్పుడు మాత్రం ఒక్క సెకను ఆగి "పండ్ల దానిమ్మేనా?" అంటారు. అదే. ఒక ముసలి పొదని మొదలంటా తీసేస్తుంటే అందులో మణికట్టంత లావు కాండాలు కనిపించాయి, రంపం ఓ పట్టాన దిగట్లేదు, కోసిన మొహం చూస్తే లేత పసుపు రంగులో నున్నగా, పోగు కంటికి ఆననంత సన్నగా ఉంది. ఇంత గట్టి చెక్కని పొయ్యిలో పెట్టడానికి మనసొప్పలేదు.

పొద కర్రతో విల్లంటే ఉండే చిక్కులు తెలియక కాదు. లావు రాదు, పొడుగు రాదు, నిటారు అసలే రాదు. దానిమ్మైతే మొదట్నుంచీ పిలకలు వేసుకుంటూ పోతుంది కాబట్టి ఒక్కో కాండం వెలుతురు కోసం ఒక్కో పక్కకి వాలుతుంది, ముదిరే కొద్దీ తడి బట్ట పిండినట్టు మెలి తిరుగుతుంది, పైగా ముళ్లు, ముల్లు ఉన్న ప్రతి చోటా చెక్కలో గుండుసూది తలంత ముడి ఒకటి. అయినా పొదల్ని విలువిద్యలో వాడటం ఈ రోజు పుట్టిన పిచ్చేమీ కాదు. 1991లో ఆల్ప్స్ మంచులో దొరికిన ఓట్జి, అదే 5,300 ఏళ్ల నాటి మనిషి, అతని దగ్గరున్న విల్లు యూ కర్రే గానీ బాణాల కర్రలు మాత్రం వైబర్నమ్ అనే పొదవి. ఉత్తర అమెరికా పసిఫిక్ తీరంలో ఓషన్ స్ప్రే అని ఒక పొద ఉంది, అక్కడి మూలవాసులు దాంతో బాణాలు, విల్లులు, దుంపలు తవ్వుకునే కర్రలు అన్నీ చేసుకునేవాళ్లు, దాని గట్టితనం చూసి ఐరన్‌వుడ్ అనే పేరు కూడా పెట్టారు. కాబట్టి పొద అని తీసిపారేయాల్సిన పని లేదు, ఏ పొదని ఏ ఆకారంలో చెక్కాలి అన్నదే తేల్చుకోవాలి.

దానిమ్మ ఖాయం చేసుకునే ముందు వేరే పొదల ముక్కలు కూడా పోగేశా. గోరింట చెక్క గట్టిది, పనిముట్ల పిడులకి వాడేదే, కానీ రెండడుగులు నిటారుగా దొరకడం గగనం. రేగులో లావు బానే వస్తుంది, వంకరలూ దానికి తగ్గట్టే వస్తాయి. గన్నేరు కొమ్మలు మాత్రం నిటారుగా, పొడుగ్గా భలే ఊరిస్తాయి, కానీ దాని జోలికి పోకండి. ఆకు, పువ్వు, బెరడు, చెక్క అంతా విషమే, గుండె మీద పనిచేసే గ్లైకోసైడ్లు ఉంటాయి అందులో, కాలిస్తే పొగ కూడా ప్రమాదం, అలాంటిదాన్ని గంటలు గంటలు గీకి ఆ పొట్టు పీల్చడం ఎవరికీ మంచిది కాదు.

కోత, బెరడు

ఐదడుగుల నిటారు కాండం దొరకదు అని ముందే వదిలేసుకున్నా. ఉన్నవాటిలో 33 అంగుళాల మేర కాస్త తిన్నగా ఉన్న కాండం ఒకటి ఉంది, లావు రెండు అంగుళాలకి కొంచెం ఎక్కువ. దాన్ని పొడుగునా సగానికి కోస్తే రెండు బద్దలు వస్తాయి, ఆ రెండింటినీ పిడి దగ్గర అతికిస్తే ఒక విల్లు. ఇలా ఒకే కాండం నుంచి తీసిన జత వాడటంలో లాభం ఏంటంటే పై లింబ్‌కీ కింద లింబ్‌కీ (పిడికి అటూ ఇటూ వంగే భాగాల్ని లింబ్‌లు అంటారు) చెక్క ఒకటే, బరువు ఒకటే, తేమ ఒకటే, రెండూ దాదాపు ఒకేలా వంగుతాయి. వేరే వేరే కాండాల నుంచి తెచ్చి అతికిస్తే ఒకటి మొండికేస్తుంది ఒకటి మెతకబడుతుంది, ఆ గొడవ తీర్చేసరికి విల్లు లాగుడు బలమంతా పోతుంది.

చీల్చాలా, కోయాలా? మామూలుగా అయితే చీల్చడమే మంచిది, ఎందుకంటే చీలిక పోగు వెంటే పోతుంది. కానీ ఒక వంకర ముక్క మీద వెడ్జ్ పెట్టి కొట్టి చూస్తే చీలిక రెండడుగుల్లో పావు చుట్టు తిరిగిపోయింది, అలా తిరిగిన బద్దతో ఏం చేస్తాం. ఎంచుకున్న కాండంలో మెలిక అంత లేదు, బెరడు మీద సన్న గీతలు ఎటు పోతున్నాయో చూస్తే లోపల పోగు ఎటు తిరిగిందో ఇంచుమించు తెలిసిపోతుంది. అందుకే రంపంతోనే కోశా. విల్లు వీపు కాండం సహజమైన పైతలమే కాబట్టి అక్కడ పోగు తెగదు, పక్కల్లో కాస్త తెగుతుంది, దాంతో పెద్ద ఇబ్బంది లేదు.

ఇక్కడ కొత్తవాళ్ల కోసం ఒక మాట. విల్లు పట్టుకున్నప్పుడు మనకి ఎదురుగా ఉండే వైపు కడుపు, అవతలి వైపు వీపు. లాగినప్పుడు వీపు సాగుతుంది, కడుపు నలుగుతుంది. వీపు తెగితే విల్లు రెండు ముక్కలు, కడుపు నలిగితే విల్లు వంగిన ఆకారంలోనే ఉండిపోతుంది, దాన్నే సెట్ అంటారు. ఈ డైరీ అంతా ఈ రెండింటి గొడవే.

బెరడు పచ్చి మీదే వలిచేశా, ఉంచితే దాని కింద పురుగు చేరుతుంది. పచ్చిగా ఉన్నప్పుడు బెరడు పట్టీలు పట్టీలుగా తేలిగ్గానే వస్తుంది గానీ ఆ పని అయ్యేసరికి కత్తి అలుగు, నా వేళ్లు, గోళ్ల సందులు అన్నీ నీలం కలిసిన నలుపు. దానిమ్మ బెరడులో టానిన్ బాగా ఉంటుంది, తోళ్లు ఊనడానికి వాడేది అందుకే, ఆ టానిన్ ఇనుముకి తగిలిందంటే సిరా రంగు వచ్చేస్తుంది. పచ్చి బద్దని ఇనప క్లాంప్‌లో బిగించి రాత్రంతా వదిలేస్తే క్లాంప్ పళ్ల అచ్చు నల్లగా దిగిపోయింది, గీకినా ఒక మిల్లీమీటరు లోతు దాకా ఉంది. కడుపు వైపు కాబట్టి సరిపోయింది, అక్కడ ఎలాగూ చెక్కేస్తాం. మీరు ఎవరైనా చేస్తే క్లాంప్‌కీ కర్రకీ మధ్య చెక్క ముక్క పెట్టుకోండి.

ఎండటం

రెండు కొనలకీ, వలిచిన వీపు మొత్తానికీ చెక్క జిగురు రెండు పూతలు పూశా. కొనల నుంచి తేమ పక్కల కంటే పది పదిహేను రెట్లు వేగంగా పోతుంది, పూత లేకపోతే కొనలు ముందే ఎండిపోయి పగుళ్లు లోపలికి పరుగెడతాయి. గుండ్రటి కర్రని అలాగే ఎండబెడితే పగలడం ఇంచుమించు ఖాయం, ఎందుకంటే చెక్క వలయాల వెంట ఎంత కుంచించుకుంటుందో నడిమి నుంచి బయటికి అందులో సగమే కుంచించుకుంటుంది, ఆ తేడాకి కర్ర ఎక్కడో ఒకచోట విచ్చుకోవాల్సిందే. సగానికి కోసిన బద్దకి ఆ బాధ లేదు, కోసిన వైపు కాస్త ఉబ్బుకుని సర్దుకుంటుంది.

తేమ మీటర్ లేకపోయినా పర్లేదు, వంటింటి కాటా చాలు. మొదట ఒక్కో బద్ద 850 గ్రాముల చిల్లర ఉంది, మొదట్లో చకచకా తగ్గింది, తర్వాత నత్తనడక, చివరికి 610 దగ్గర ఆగిపోయింది, వారం తర్వాత తూచినా అంతే. బరువు కదలట్లేదంటే చుట్టూ ఉన్న గాలితో లెక్క సరిపోయింది అని అర్థం. సెల్ఫ్‌బోకి, అంటే పొరలు అతికించకుండా ఒట్టి చెక్కతో చేసే విల్లుకి, 8 నుంచి 10 శాతం తేమ బాగుంటుందంటారు, అంతకంటే ఎక్కువుంటే కడుపు మెత్తబడి సెట్ పడుతుంది, మరీ తగ్గిపోతే వీపు పెళుసెక్కుతుంది. తడి కాలంలో గాలికి ఎండిన కర్ర 12, 13 దగ్గరే ఆగిపోవచ్చు, అలాంటప్పుడు పల్చగా చెక్కాక ఒక వెచ్చటి పెట్టెలో బల్బు పెట్టి ఇంకొంచెం దించుకోవాలి. నేను అదే చేశా.

బద్దల్ని చదునైన పలక మీద కట్టేసి ఎండబెట్టినా రెండూ కాస్త మెలి తిరిగాయి. అది ఊహించిందే.

వంచి చూడటం

అసలు నిర్ణయాలన్నీ ఇక్కడే తేలాయి కాబట్టి ఇది కాస్త వివరంగా రాస్తా.

మిగిలిన తుండ్ల నుంచి అడుగు పొడుగు, 12 మిల్లీమీటర్ల వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందంతో బద్దీలు తీశా, దానిమ్మవి, గోరింటవి, రేగువి. ముందు బరువు. కొలతలు సరిగ్గా ఉన్న ముక్కని తూస్తే చాలు సాంద్రత వచ్చేస్తుంది. నా దానిమ్మ ముక్క ఘన సెంటీమీటరుకి 0.8 గ్రాములు వచ్చింది, పోల్చుకోవడానికి చెప్తున్నా, యూ 0.65 చుట్టుపక్కల ఉంటుంది, ఓసేజ్ ఆరెంజ్ 0.85 చుట్టుపక్కల. అంటే మన పండ్ల పొద బరువులో ఓసేజ్ పక్కన కూర్చుంది. కానీ బరువుంటే సరిపోదు, బరువైన చెక్కలు కూడా టక్కుమని విరిగేవి ఉన్నాయి.

బద్దీ ఒక కొనని బల్లకి బిగించి రెండో కొనని మెల్లగా వంచుతూ పోవడమే పరీక్ష. చూడాల్సింది రెండు: వదిలేసినప్పుడు ఎంత వెనక్కి వస్తుంది, విరిగితే ఎలా విరుగుతుంది. రేగు బద్దీ బాగా వంగి ముడి దగ్గర అడ్డంగా తెగింది. గోరింట వంగడానికే ఒప్పుకోలేదు, చాలా బిగువు, ఆ తర్వాత ఒక్కసారిగా పోయింది. దానిమ్మ వేరే రకం. వంచుతుంటే ముందు లోపలి వైపు, అంటే కడుపు వైపు, చెక్క మీద అడ్డంగా వెంట్రుకంత మడతలు పడ్డాయి, వెలుగుకి వాల్చి చూస్తేనే కనపడేంత సన్నవి, వేలి గోరుతో రాస్తే తగులుతున్నాయి. ఇంకా వంచా. మడతలు లోతయ్యాయి, బద్దీ వంపు తిరిగి అలాగే ఉండిపోవడం మొదలైంది, వీపు వైపు మాత్రం ఏ చప్పుడూ లేదు. చివరికి ఇక విరిచేద్దామని పట్టి వంచితే అప్పుడు వీపు లేచింది, అది కూడా నాలుగైదు అంగుళాల పొడుగు చీలికలుగా, నారలుగా, పూర్తిగా తెగకుండా. ఇంకో రెండు బద్దీలు కూడా ఇలాగే పోయాయి.

అంటే ఈ చెక్క సాగడానికి బాగా తట్టుకుంటుంది, నలగడానికి అంతగా తట్టుకోదు.

ఇక్కడే పాత సందేహం ఒకటి తీరింది. సన్న కాండంతో విల్లు చేస్తే వీపు గుండ్రంగా ఉంటుంది, దాన్నే క్రౌన్ అంటారు. లాగుడు భారమంతా ఆ గుండ్రం శిఖరం మీద సన్న గీతలో పడుతుంది, అంచుల దగ్గర చెక్క ఊరికే కూర్చుంటుంది. అందుకే సన్న కర్రని చూడగానే చాలామంది వీపుని చిత్రిక పట్టి చదును చేసెయ్యమంటారు, లేదా పైన రాహైడ్ (ఊనని పచ్చి తోలు) గానీ లినెన్ గుడ్డ గానీ అతికించమంటారు. నాకూ అదే ఆలోచన ఉండి, ఎన్నో ఏళ్లుగా విల్లులు చేస్తున్న ఒక అన్నని అడిగా.

"అన్నా, వీపు చదును చేసెయ్యనా? కాండం రెండంగుళాలే కదా, భయంగా ఉంది."

"బద్దీ వంచి చూశావా?"

"చూశా అన్నా, కడుపే ముందు పోతోంది. వీపు గట్టిగానే ఉంది."

"మరి గట్టిగా ఉన్నదాన్ని ఎందుకు బలపరుస్తావురా? దాన్ని అలాగే వదిలేసి కడుపుకి వెడల్పు ఇవ్వు."

అంతే, ఒక్క మాటలో తేల్చేశాడు. నిజమే కదా, వీపు బలంగా కడుపు బలహీనంగా ఉన్న చెక్కలకి కావాలనే వీపుని సన్నం చేసి కడుపుని వెడల్పు ఉంచే పద్ధతి ఒకటుంది, ట్రాపింగ్ అంటారు, దానివల్ల కడుపు మీద భారం ఎక్కువ చెక్కకి పంచబడుతుంది. గుండ్రటి వీపు, చదునైన కడుపు ఉన్న సగం కాండం అంటే ప్రకృతే చేసిచ్చిన ట్రాపింగ్. డెన్మార్క్‌లో హోల్మెగార్డ్ దగ్గర దొరికిన ఎల్మ్ విల్లులు, దాదాపు 9000 ఏళ్లవి, వాటి అడ్డకోత కూడా ఇంతే, చిన్న చెట్టు నుంచి తీసిన గుండ్రటి వీపు, చదును కడుపు. ఎల్మ్ కూడా సాగుడుకి గట్టి చెక్కే. సన్న కర్ర అంటే లోపం అని నేనూ అనుకునేవాడిని, ఇప్పుడు చెక్కని బట్టి అంటున్నా. కడుపు గట్టిగా ఉండి వీపు పెళుసుగా ఉన్న పొద అయితే మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది, అప్పుడు క్రౌన్ నిజంగానే ప్రమాదం.

జోడించడం

ఒక్కో బద్దని 31 అంగుళాలకి తెగ్గోసి నాలుగు అంగుళాల డబ్ల్యూ ఆకారం జాయింట్ కోశా, 31, 31 కలిపి నాలుగు తీసేస్తే విల్లు 58 అంగుళాలు. పిడి బిగుసుగా ఉండే విల్లుకి ఇది పొట్టే. 28 అంగుళాల డ్రాకి, అంటే తాడుని అంత దూరం లాగేలా, పెట్టుకుంటే లింబ్‌ల మీద దారుణమైన భారం పడుతుంది, కాబట్టి 24 అంగుళాల డ్రా, లాగుడు బలం 30 నుంచి 35 పౌండ్లు అని గీత గీసుకున్నా. కడుపు బలహీనం అని తెలిశాక అంతకు మించి ఆశపడటం అత్యాశ.

జాయింట్ కోత గురించి చెప్పేది పెద్దగా లేదు, సన్న పళ్ల రంపం, ఓపిక. రెండు వీపులూ ఒకే తలంలో రావాలి, ఒక కొన నుంచి ఇంకో కొనకి దారం లాగితే అది పిడి మధ్యలోంచి పోవాలి, ఇది చూసుకోకుండా జిగురు పెడితే ఆ తర్వాత చేసేదేమీ లేదు. జిగురు ఎపాక్సీ వాడా, చిన్న చిన్న ఖాళీలు నింపేస్తుంది, మరీ బిగించి పిండేస్తే జిగురంతా బయటికి వచ్చేసి జాయింట్ ఎండుతుంది కాబట్టి క్లాంప్ మామూలుగానే బిగించాలి. సగం కాండం మందం ఒక అంగుళమే కాబట్టి పిడి దగ్గర కడుపు వైపు ఇంకో దానిమ్మ ముక్క అతికించి మందం పెంచా, పైన దారం జిగురులో ముంచి చుట్టేశా.

ఇక గొడ్డలి కాదు, రెండు చేతులతో లాగే డ్రా నైఫ్ కత్తీ కాదు, ముళ్ల ముడులు ఉన్నచోట డ్రా నైఫ్ పోగుని పట్టి లేపేస్తోంది, అందుకని ఎక్కువ పని ఆకురాయితోనూ స్క్రేపర్‌తోనూ. పిడి దాటగానే ఒకటిన్నర అంగుళం వెడల్పు, కొనల దగ్గర అర అంగుళం. నడిమి బెండు కడుపు వైపే వస్తుంది, చెక్కే కొద్దీ అదంతా పోయింది, పోయేదాకా చెక్కాలి కూడా, ఆ మెత్తటి గీత కడుపు మీద మిగిలితే నలగడం అక్కడే మొదలవుతుంది. వీపు మీద ముళ్ల ముడులు మాత్రం ముట్టుకోలేదు, ఒక్కో ముడి చుట్టూ చిన్న గుట్టలా వదిలేశా, చూడ్డానికి మొటిమల్లా ఉన్నా పోగు తెగకపోవడమే ముఖ్యం.

టిల్లరింగ్

టిల్లరింగ్ అంటే రెండు లింబ్‌లూ సమానంగా వంగేలా కొంచెం కొంచెం చెక్క తీస్తూ పోవడం, విల్లు చెయ్యడం అంటే నిజానికి ఇదే. మిగతాదంతా వడ్రంగం.

మందం గురించి ఒక లెక్క గుర్తుపెట్టుకుంటే చాలా విల్లులు బతుకుతాయి. లింబ్ బిగువు వెడల్పుతో సమానంగా పెరుగుతుంది, మందంతో మాత్రం ఘనంగా పెరుగుతుంది. వెడల్పు పది శాతం తగ్గిస్తే బిగువు పది శాతమే తగ్గుతుంది, మందం పది శాతం తగ్గిస్తే 27 శాతం తగ్గుతుంది. 15 మిల్లీమీటర్ల లింబ్‌లో ఒకటిన్నర మిల్లీమీటర్ అంటే ఆకురాయితో పది నిమిషాల ఊపు, అంతలో విల్లు బిగువు పావు వంతు పైన గాల్లో కలిసిపోతుంది. అందుకే ఒక దశ దాటాక ఆకురాయి పక్కన పెట్టేసి స్క్రేపర్‌తోనే, అది తీసే పొట్టు కాగితం కంటే పల్చన.

ముందు నేల మీద ఆనించి వంచడం, రెండు లింబ్‌లూ ఇంచుమించు ఒకేలా కదులుతున్నాయా అని. తర్వాత గోడకి పుల్లీ, పొడుగు తాడు, కాటా పెట్టి, ఎదురుగా నిలబడి చూస్తూ లాగడం. రూల్ ఒకటే, అనుకున్న పౌండ్లు దాటి ఎప్పుడూ లాగకూడదు. విల్లు ఎనిమిది అంగుళాలకే 35 పౌండ్లు చూపిస్తుందా, అక్కడే ఆపి చెక్క తీయి, మళ్లీ 35 దాకానే లాగు, అలా లాగే దూరం మెల్లగా పెరుగుతుంది. చెక్క తీసిన ప్రతిసారీ ఇరవై ముప్పై సార్లు తక్కువ దూరం ఊపాలి, లేకపోతే తీసిన దాని ప్రభావం బయటికి కనపడదు, మనం ఇంకా బిగువుగానే ఉందనుకుని ఇంకా గీకేస్తాం.

మొదటి ఇబ్బంది కింద లింబ్ మధ్యలో వచ్చింది. అక్కడ రెండు ముళ్ల ముడులు పక్కపక్కనే ఉన్నాయి, వాటి చుట్టూ చెక్క గట్టిగా ఉండి ఆ చోటు పలకలా బిగుసుకుపోయింది, దానికి ఇటు ఒక అంగుళం అటు ఒక అంగుళం మాత్రం ఎక్కువ వంగుతోంది. కంటికి వంపు నున్నగానే కనిపిస్తుంది, ఆరంగుళాల తిన్నటి చెక్క ముక్కని లింబ్ కడుపు మీద జరుపుతూ సందు ఎంతుందో చూస్తే తెలిసింది. ఇలాంటి చోట ఆశ పడి ముడి మీద గీకకూడదు, ముడి బలహీనమే, బిగువు దాని చుట్టూ మెలి తిరిగిన పోగుది. ముడుల్ని అలాగే కాస్త బిగుసుగా వదిలేసి, మిగతా లింబ్ మొత్తాన్ని వాటికి తగ్గట్టు మెల్లగా దించా. దాంతో రెండు మూడు పౌండ్లు పోయాయి, పోనీ.

ఇక మెలిక. ఎండేటప్పుడు తిరిగిన మెలిక వల్ల పై లింబ్ కొన పిడితో పోలిస్తే పక్కకి వాలి ఉంది, లాగితే అల్లెతాడు మధ్య గీత వదిలి ఒక అంచు వైపు జరుగుతోంది. ఆవిరి పెట్టొచ్చు, మందం అంగుళానికి గంట చొప్పున అని లెక్క, కానీ ఆవిరి పెడితే చెక్క మళ్లీ తడుస్తుంది, పైగా జాయింట్ పక్కనే ఉంది. అందుకని హీట్ గన్. కడుపు మీద కాస్త నూనె రాసి, వేలు పెట్టలేనంత వేడెక్కేదాకా మెల్లగా అటూ ఇటూ తిప్పి, రెంచ్ లాంటి చెక్క పట్టుతో ఎదురు వైపు తిప్పి బిగించి చల్లారనిచ్చా. వేడెక్కిన చెక్క ఒక దశలో చేతికి తెలిసేలా లొంగుతుంది, అప్పటిదాకా బలం వాడకూడదు. మెలిక ముప్పావు వంతు పోయింది, మిగిలిన పావు అల్లెతాడుని మధ్యలోనే ఉంచుతోంది కాబట్టి వదిలేశా. వేడి చేశాక చెక్క బాగా పొడిబారిపోతుంది, వెంటనే వంచితే విరుగుతుంది, కొన్ని రోజులు గాలిలో ఊరికే పడి ఉండాలి. ఈ గ్యాప్‌లోనే అల్లెతాడు చేసుకున్నా.

అల్లెతాడు డాక్రాన్ అనే పాలిస్టర్ దారంతో చేసిందే, కాస్త సాగుతుంది కాబట్టి చెక్క విల్లుకి దెబ్బ తక్కువ. పొద విల్లుకి పొద నారే కడదామని ఒక కోరిక ఉంది, కౌటిల్యుడి అర్థశాస్త్రం అల్లెతాళ్లకి చెప్పిన వాటిలో జనుము, వెదురు, నరాలతో పాటు అర్క కూడా ఉంది, అంటే మన జిల్లేడు. జిల్లేడు కాండం నార తెల్లగా, సన్నగా, నిజంగానే గట్టిగా ఉంటుంది, వలిచి పేని చూశా కూడా, కాకపోతే దాని పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం కాబట్టి పూర్తిగా ఎండిన కాండాలతోనే చెయ్యాలి. అది ఇంకో డైరీ.

ఎక్కుపెట్టాక

అల్లెతాడు ఎక్కించి పిడి దగ్గర ఎడం ఆరు అంగుళాలు పెట్టా, పిడికిలి పెట్టి బొటనవేలు పైకి చాపితే వచ్చేంత. ఆ తర్వాత 18, 20, 22 అలా ఎక్కువ తొందర లేకుండా పోయి 24 దగ్గర 33 పౌండ్లు. పిడి దాటాక మందం 15 మిల్లీమీటర్లు, కొనల దగ్గర 11. వీపు నుంచి ఒక్క టిక్కు కూడా వినపడలేదు, దాని గురించే అందరూ భయపెట్టింది. లాగి పట్టుకుని ఎక్కువసేపు నిలబడలేదు, చెక్క విల్లుని పూర్తిగా లాగి ఉంచితే సెట్ పెరుగుతుంది, బాణం లేకుండా వదలడం అయితే ఎప్పుడూ లేదు, ఆ శక్తంతా లింబ్‌లలోకే తిరిగొచ్చి విల్లు ముక్కలైపోతుంది.

బాణాలు పౌండుకి పది గ్రెయిన్ల లెక్కన 330 గ్రెయిన్లు, అంటే 21 గ్రాముల పైన ఉండేవే వాడుతున్నా, అంతకంటే తేలికవి వేస్తే విల్లు చేతిలో కొడుతుంది. వదిలినప్పుడు చప్పుడు తక్కువ, చేతికి అదురు తక్కువ, కొనలు అర అంగుళానికి సన్నం చేసినందుకు లాభం కనపడింది. వేగం గురించి గొప్పలు చెప్పను, పొట్టి విల్లు, తక్కువ డ్రా.

సెట్ గురించి నిజం చెప్పాలి. కొత్తగా ఎక్కుపెట్టినప్పుడు తాడు తీసేస్తే లింబ్‌లు ముప్పావు అంగుళం కడుపు వైపుకి వంగి ఉండేవి, బాణాలు బాగా వేశాక ఒకటిముప్పావు దగ్గర ఆగింది. రెండు అంగుళాల లోపు అంటే పొద కర్రకి ఒప్పుకోవచ్చు, కానీ ఆ ఒక అంగుళం ఎక్కడి నుంచి వచ్చిందో కడుపు చూస్తే తెలుస్తుంది. కింద లింబ్‌లో ఆ రెండు ముడుల పక్కన, పిడికి ఏడంగుళాల దూరంలో, బద్దీల్లో చూసిన మడతలే మూడు పడ్డాయి. వెంట్రుక మందం. పెన్సిల్‌తో వాటి కొనలు గుర్తు పెట్టుకున్నా, ఆ తర్వాత వేసిన బాణాలకి అవి ఆ గుర్తులు దాటలేదు, కాబట్టి ప్రస్తుతానికి ఈ విల్లు బతికే ఉంది, రోజూ కాసేపు వేస్తూనే ఉన్నా. గుర్తు దాటిన రోజు 22 అంగుళాలకి దించేస్తా.

పైపూత కోసం ఆ టానిన్‌నే వాడుకున్నా. వెనిగర్‌లో ఇనప పీచు రెండు మూడు రోజులు నానబెట్టి వడకట్టి ఆ నీళ్లు ముడుల గుట్టల మీద మాత్రం బ్రష్‌తో అద్దా, మన కళ్ల ముందే బూడిద రంగు, తర్వాత నీలం, తర్వాత నలుపు. లేత పసుపు వీపు మీద నల్ల చుక్కలు బానే కుదిరాయి. ఆరాక మామూలుగా నూనె, మైనం.

తర్వాతి జత

ఇంకో కాండం జత అటక మీద ఎండుతోంది, అది లావు తక్కువ, పావు అంగుళం తేడా ఉంటుంది, క్రౌన్ ఇంకా ఎక్కువ. వీపుని ఈసారీ ముట్టుకోను. మార్చేది కడుపే. మెలిక సరిచేసినప్పటి వేడి కాకుండా, టిల్లర్ సగంలో ఉండగా కడుపు మొత్తాన్ని హీట్ గన్‌తో లేత గోధుమ రంగు తిరిగేదాకా నిదానంగా కాల్చడం, అలా చేస్తే చెక్క నలగడానికి ఎక్కువ తట్టుకుంటుంది. ముందు రెండు బద్దీల మీద చేస్తా, ఒకటి కాల్చి ఒకటి కాల్చకుండా, ఒకే బరువు వేలాడదీసి మడతలు దేనిలో ముందు పడతాయో చూసి అప్పుడు జత మీద చెయ్యి వేస్తా. వేడికి ఎపాక్సీ మెత్తబడుతుంది కాబట్టి పిడికి నాలుగు అంగుళాల ఇవతలే ఆపాలి, లేదంటే కాల్చాకే జోడించాలి, రెండోదే సులువు అనిపిస్తోంది. ముడుల జత మాత్రం ఈసారి పిడి లోపలికి పోయేలా కొలత వేసుకున్నా, వంగని చోట ఎన్ని ముడులున్నా నష్టం లేదు.